డిస్కులు వేశాక పెడల్ ఎందుకు మెత్తబడింది?

మన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని చాలామందికి తెలుసు. అదే మోరిస్ పేరుతో 1948లో వచ్చిన చిన్న కారు మైనర్. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ బొద్దు కారు 1971 దాకా తయారైంది. పది లక్షలు దాటిన మొదటి బ్రిటిష్ కారు ఇదే. దీన్ని ముచ్చటగా దాచుకునేవాళ్లే కాదు, రోజూ రోడ్డెక్కించేవాళ్లూ అక్కడ ఉన్నారు. వాళ్లకున్న బెంగల్లా బ్రేకుల గురించే. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 1962లో 1098 సీసీ ఇంజను వచ్చినప్పుడు ముందు డ్రమ్ములు ఏడంగుళాల నుంచి ఎనిమిదికి పెరిగాయి గానీ, ఇవాళ్టి మోటార్‌వే మీద ముందున్న కారు చటుక్కున ఆగితే ఆ అంగుళం ఏ మూలకు?

అందుకే ముందు చక్రాలకు డిస్కులు వేయించుకోవడం అక్కడ పాత అలవాటు. తర్వాతి తరం కారైన మోరిస్ మరీనా డిస్కులు ఇందుకు బాగా పనికొచ్చాయి. తీరా అన్నీ బిగించి కాలు పెడితే, పెడల్ తడి స్పాంజిలా కిందికి దిగిపోతుంది.

పక్కన నిలబడ్డ ప్రతివాడూ చెప్పేది ఒకటే: 'లైన్లో గాలుంది, తీసెయ్.' అందులో నిజం లేకపోలేదు. బ్రేక్ ఆయిల్ నొక్కినా కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. కాలి బలం చక్రాన్ని చేరకుండా ఆ బుడగ దగ్గరే ఖర్చయిపోతుంది. అయితే రెండు మూడు సార్లు బ్లీడింగ్ చేసి గాలి తీశాక కూడా పెడల్ అలాగే ఉంటే, ఇంకో ఆయిల్ డబ్బా కొనడం దండగ. తప్పు వేరే చోట ఉంది.

పెడల్‌ను గబగబా పంపు కొట్టి చూడాలి. పైకి లేచినా ఇంకా స్ప్రింగులా ఊగుతుంటే గాలే. పైకి లేచి రాయిలా గట్టిపడితే వెనక డ్రమ్ముల్లో షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువైందన్న మాట. కొత్త డిస్కుల హడావిడిలో వెనక చక్రాల జోలికి ఎవరూ పోరు. మైనర్‌లో చక్రం విప్పి, డ్రమ్ముకున్న రంధ్రాన్ని లోపలి అడ్జస్టర్‌కు ఎదురుగా తెచ్చి, స్క్రూడ్రైవర్‌తో డ్రమ్ము పట్టేసేదాకా తిప్పి, ఒక్క గాటు వెనక్కి వదలాలి. కాసేపటి పని. చాలా 'మెత్తని పెడల్' ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. తొక్కి పట్టి ఉంచితే పెడల్ నెమ్మదిగా నేలకు జారిపోతుంటే మాత్రం సంగతి వేరు. ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయింది. ఆ బండి కదలకూడదు.

గాలి అయినా సరే, ఎంత తీసినా బయటకు రానప్పుడు, ప్యాడ్లతో డిస్కును పట్టే కాలిపర్ల వైపు చూడాలి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించేసి ఉంటారు. అలా మారితే బ్లీడింగ్ నిపుల్ కిందికి వస్తుంది. గాలి ఎప్పుడూ పైనే చేరుతుంది కనుక, ఆ నిపుల్ నుంచి రోజంతా ఆయిలే వస్తుంది.

అసలు చిక్కు మాస్టర్ సిలిండర్‌ది. మైనర్‌లో అది బానెట్ కింద ఉండదు, డ్రైవర్ కాళ్ల కింద ఛాసిస్‌లో దాక్కుని ఉంటుంది. ఆయిల్ పోయాలంటే కార్పెట్ ఎత్తి, నేలలోని మూత తీయాలి. విప్పబోతే టోర్షన్ బార్ అడ్డొస్తుంది. అందుకే దాని సంగతి అందరూ ఆఖరికి వాయిదా వేస్తారు. నిజానికి లెక్క వేయాల్సింది ముందు దాని గురించే. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే ఆయిల్ ఎక్కువ తాగుతాయి. సిలిండర్ లోపలి వ్యాసం 7/8 అంగుళం నుంచి 3/4కు తగ్గితే, ఒక్కో తొక్కుకు వెళ్లే ఆయిల్ దాదాపు 27 శాతం పడిపోతుంది. పెడల్ తేలిగ్గా దిగుతుంది, చాలా దూరం దిగుతుంది. మరీ పెద్ద సిలిండర్ వేస్తే పెడల్ గట్టిగా, పొట్టిగా ఉంటుంది గానీ కారు ఆపడానికి కాలు నొప్పి పుడుతుంది.

డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌లో ఒక చిన్న వాల్వు కూడా ఉంటుంది. పెడల్ వదిలాక లైన్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డిస్కులకు ఆ ఒత్తిడి ఎక్కువై ప్యాడ్లు రాసుకుంటాయి కనుక దాన్ని తీసేస్తారు. సిలిండర్ కాలిపర్ల కంటే కిందుంటే, ఆ తర్వాత ఆయిల్ వెనక్కి జారి మొదటి తొక్కు వృథా పోతుంది. ముందు లైనుకు 2 పీఎస్ఐ, వెనక డ్రమ్ముల లైనుకు 10 పీఎస్ఐ వాల్వులు విడివిడిగా వేయడం దీనికి విరుగుడు.

ఇన్ని అనుమానాల్లో ఏది నిజమో తేల్చడానికి తెలివైన మెకానిక్ సిలిండర్ దగ్గరే పైపులు విప్పి బిరడాలు బిగిస్తాడు. అప్పుడు పెడల్ గట్టిగా ఉంటే సిలిండర్ మంచిదే. తర్వాత ఒక్కో లైను కలుపుతూ పోతాడు. ఏది కలపగానే పెడల్ మెత్తబడిందో ఆ చక్రం దగ్గరే దొంగ. అక్కడ ఒకరు తొక్కుతుండగా ఇంకొకరు టార్చి వేసి రబ్బరు హోస్ చూడాలి. పాతదైతే ఉబ్బడం కంటికే కనబడుతుంది.