తుంటి యెముక విరిగినచో

మన శరీరమునకు కాళ్లు స్తంభములైనచో, ఆ స్తంభములు పై కట్టడమును కలియు చోటు తుంటి. ఇచ్చట తొడ యెముక పైకొస బంతివలె గుండ్రముగా నుండి, కటి యెముకయందలి గిన్నెవంటి గుంటలో ఇమిడియుండును. బంతికిని తొడ యెముకకును నడుమ సన్నని మెడ గలదు. దేహభారమంతయు ఆ మెడమీదుగనే కాలిలోనికి దిగును. వృద్ధాప్యమున ఎముకలు సారము తగ్గి గుల్లబారును. స్త్రీలయందు ఇది మరింత ఎక్కువ. అట్టివారు మిద్దెపైనుండి పడనక్కరలేదు. నిలుచున్న చోట కాలుజారిన చాలును. మన జిగణి రాతిపనికి పేరుగన్న యూరు. నున్నగా మెఱుగుపెట్టిన గ్రానైటు పలకలను స్నానపు గదులలో సైతము పరచుకొనుచున్నాము. అవి తడిసినచో ఎంత జారునో మన అవ్వలు, తాతలు ఎఱుగుదురు.

పడినవారు లేవలేకున్నను, ఒక కాలు పొట్టిగా కనబడి పాదము వెలుపలికి తిరిగియున్నను, తుంటి విరిగినదని అనుమానింపవలెను. అట్టి సమయమున మన యిండ్లలో రెండు మాటలు వినబడును. "ఈ వయస్సున కోత యేల, పడుకొననిండు" అనునది యొకటి. "పుత్తూరు కట్టు కట్టింతము" అనునది రెండవది. మణికట్టు ఎముక చర్మమునకు దగ్గరగా నున్నది గనుక కట్టు దానిని కదలకుండ పట్టగలదు. తుంటి యెముక దట్టమైన కండరములలో లోతుగా నున్నది. పైకట్టు దానిని పట్టజాలదు. ఇక పడకయందే యుంచినచో వీపున పుండ్లు పడును, ఊపిరితిత్తులకు వాపు వచ్చును, కాళ్లలో నెత్తురు గడ్డకట్టును. అనగా విరిగిన యెముకకంటె విడువని పడకయే ప్రాణమునకు ముప్పు.

ఈ ముప్పును తప్పించుటకే శస్త్రచికిత్స. 1895లో రాంట్జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనగా, చర్మము కోయకయే ఎముకను చూచుట సాధ్యమయ్యెను. ఎముకలోని మూలుగ గొట్టముగుండ లోహపు మేకును దింపు పద్ధతిని జర్మను వైద్యుడు గెర్హార్డ్ క్యూంట్షెర్ 1940లో వైద్యలోకమునకు తెలియజేసెను. నేటి చిన్నకోత చికిత్సకు ఈ రెండును పునాదులు.

మెడకు దిగువ విరిగినప్పుడు జరుగు విధానమిది. సామాన్యముగా వెన్నులో మత్తుసూది వేసి, కాలిని మెల్లగా లాగి, విరిగిన తునకలను ఎక్స్‌రే తెరపై చూచుచు సరిచేయుదురు. విరిగిన చోటును తెరువరు. తుంటికి కొంచెము పైన మూడు నాలుగు సెంటీమీటర్ల కోత పెట్టి, తొడ యెముక కొసనుండి మేకును లోపలికి దింపుదురు. మరియొక చిన్న కోతగుండ పొడవైన మరను ఆ మేకులోనుండి బంతిలోనికి బిగింతురు. క్రింద ఇంకొక మర మేకును తిరుగకుండ నిలుపును. కండరములు ఎక్కువగా తెగవు గనుక, పలువురిని మరునాడే కూర్చుండబెట్టి, ఊత బల్లతో నిలువబెట్టుదురు. ఎముక అతుకుటకు మాత్రము సుమారు మూడు మాసములు పట్టును.

అయితే అందఱికిని ఇదియే తగదు. మెడయే విరిగి తొలగినచో బంతికి రక్తప్రసారము చెడును. అప్పుడు వృద్ధులకు తఱచుగా లోహపు బంతిని అమర్చుదురు. దానికి పెద్ద కోత వలయును. కోత చిన్నదైనను చికిత్స చిన్నది కాదు. చీము పట్టుట, మర సడలుట వంటి చిక్కులు కలుగవచ్చును. గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, వీలైనంతవరకు 48 గంటలలోపల చికిత్స ముగించుట మేలు. కావున 108కి ఫోను చేయుటలో జాగు కూడదు. బెంగళూరు జయనగరమున ఎముకల గాయముల కొఱకే సంజయ్ గాంధీ సంస్థయను ప్రభుత్వ వైద్యశాల కలదు.

విద్యార్థులారా! ఇచ్చట మీకొక బాధ్యత గలదు. అవ్వ "తుంటి" యన్నచో కన్నడ వైద్యునికి తెలియకపోవచ్చును. ఆయన "సొంటద మూళె" యన్నచో అవ్వకు తెలియకపోవచ్చును. రెండు భాషలు నేర్చిన మీరే వారికి వారధి. ఎముక ఏ చోట విరిగినది? మేకు వేయుదురా, బంతి మార్చుదురా? ఎన్ని గంటలలో చేయుదురు? ఎన్నడు నడిపింతురు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలుగున తెలిసిన పిమ్మటనే ఇంటి పెద్దలు అంగీకార పత్రముపై చేవ్రాలో వ్రేలిముద్రయో చేయవలెను. అర్థము కాని కాగితమునకు ఒప్పుకొనుట ఒప్పుకొనుట కాదు.

తల్లిదండ్రులకు మా విన్నపము: స్నానపు గదిలో చేతికి ఊతగా కడ్డీ యొకటి నాటింపుడు, రాత్రివేళ దీపముంచుడు. మన ప్రాంతపు పంటయైన రాగులయందు నూరు గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. రాగిసంగటిని, నీరెండను, నడకను విడువకుడు. ఒకసారి ఎముక విరిగినవారికి మరల విరుగకుండ మందులు గలవు; వాటిని గూర్చియు వైద్యుని అడుగుడు. పెద్దలు మరల తమ కాళ్లపై నిలుచునట్లు చేయుటయే నిజమైన పితృసేవ.