ఆకాశంలో ఉచితం, వరంగల్‌లో ఖర్చు

వందేభారత్ మరుగుదొడ్డిలో మీట నొక్కగానే అంత చప్పుడెందుకు, విమానంలో సాఫీగా నడిచేది రైల్లో ఎందుకు మొరాయిస్తుందని హనుమకొండ పాఠకుడొకరు అడిగారు. ఈ నెల రాయాలనుకున్న అంశం పక్కకు పోయింది!

సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ 2023 జనవరి 15న మొదలైంది, వరంగల్‌లో ఆగుతుంది. అందులోవి వాక్యూమ్ మరుగుదొడ్లు. 1975లో అమెరికాలో జేమ్స్ కెంపర్ పేటెంటు తీసుకున్న పద్ధతి. అర లీటరు అటూ ఇటూ నీళ్లు చాలు.

శూన్యం లాగుతుందనుకుంటాం. అది దేన్నీ లాగదు. గెలీలియో అంతటివాడే ఇక్కడ తప్పులో కాలేశాడు. పీల్చే పంపు నీళ్లను పది మీటర్లకు మించి ఎత్తలేకపోవడానికి కారణం, నీటి స్తంభం తన బరువుకు తానే తెగిపోవడమన్నాడు. ఎత్తేది పంపు కాదు, బయటి గాలి బరువని టారిచెల్లి 1640లలో పాదరసంతో తేల్చాడు. ఇక్కడా అంతే. మన చుట్టూ ఉన్న గాలే మలాన్ని గొట్టంలోకి తోస్తుంది. ఆ గాలి దూకుడే మీరు విన్న చప్పుడు.

విమానం ఎగిరే 35 వేల అడుగుల ఎత్తున బయటి ఒత్తిడి నేలమీదిదాంట్లో నాలుగో వంతే, క్యాబిన్‌లో ముప్పావు వంతు. ఆ తేడాయే పని చేసిపెడుతుంది. సుమారు 16 వేల అడుగుల కిందికి వస్తేనే పంపు తిరగాలి. వరంగల్ ఎత్తేమో మూడు వందల మీటర్లు కూడా లేదు. కాబట్టి రైలు తన శూన్యాన్ని తానే తయారుచేసుకోవాలి. కంప్రెసర్ గాలిని సన్నని నాజిల్‌లోంచి వదిలితే, ఆ ధార చుట్టూ ఒత్తిడి పడిపోయి, పక్క ట్యాంకులోని గాలి దాని వెంట కొట్టుకుపోతుంది. పాతకాలపు దోమల మందు ఫ్లిట్ పంపు సూత్రమే. ఆ నాజిల్‌లో తిరిగే భాగం ఒక్కటీ లేదు, నాకిది అందుకే ముద్దు! కాకపోతే బ్రేకులకూ కావలసింది ఆ కంప్రెసర్ గాలే.

తంటా మరుగుదొడ్డికీ గొట్టానికీ మధ్య ఉండే వాల్వు దగ్గర. దాని అంచున గుట్కా పొట్లం ముక్క ఇరుక్కుంటే శూన్యం నిలవదు. మామూలు గొట్టం కాస్త కారినా పని కానిస్తుంది, ఇది ససేమిరా అంటుంది. పైగా నీళ్లు తక్కువ కాబట్టి మూత్రంలోని లవణాలు లోపల గార కడతాయి. విమానంలోనైతే యాసిడ్ పోసి వదలగొట్టవచ్చు, ట్యాంకును దిగాక పీల్చేస్తారు. మన రైలు అడుగున గ్వాలియర్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల అభివృద్ధి చేసిన బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువులుగా మారుస్తూ ఉంటుంది. యాసిడ్, ఫినాయిల్ తగిలితే అది చస్తుంది. గార వదిలించాలి, బ్యాక్టీరియాను బతికించాలి. ఆ పని మీద ఉన్న మెకానిక్ చేతికి ముందుగా తగిలేది మనం పడేసిన డైపరే.