తీగ వెంట వచ్చే ఆపరేటింగ్ సిస్టం

ఒక లాబొరేటరీలో 30 కంప్యూటర్లున్నాయి అనుకుందాం. అన్నిట్లోనూ ఆపరేటింగ్ సిస్టం కొత్తగా వేయాలి. చేతిలో ఉన్నది ఒకే ఒక పెన్‌డ్రైవు. ఒక్కోదానికి ముప్పావుగంట చొప్పున చూసినా మొత్తం ఇరవై రెండున్నర గంటలు; అంటే సుమారు మూడు రోజులు ప్రాక్టికల్స్ లేనట్టే. పెన్‌డ్రైవుతో నిమిత్తం లేకుండా ఇదే పనిని నెట్‌వర్కు తీగ ద్వారా అన్నిటికీ ఒకేసారి చేయవచ్చు. దీన్నే నెట్‌వర్కు బూటింగ్ అంటారు. ఇదేదో పెద్ద కంపెనీల వ్యవహారమని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. పాత కంప్యూటరొకటి, స్విచ్ ఒకటి, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇందులో ఒక తమాషా చిక్కుంది. ప్రోగ్రామును తెచ్చుకోవాలంటే నెట్‌వర్కు కావాలి. నెట్‌వర్కును వాడుకోవాలంటే ముందే ఒక ప్రోగ్రాము ఉండాలి. మరి డిస్కులో ఏమీ లేని యంత్రం ఎలా అడుగుతుంది? అడగటానికి సరిపడేంత చిన్న ప్రోగ్రామును చిప్పులోనే పెట్టి ఇస్తారు. విత్తనంలో మొలకకు సరిపడా తిండి ఉంటుంది చూడండి, అలాగన్నమాట. వేరు దిగాక మిగతాది నేల నుంచి తీసుకుంటుంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1985లోనే బూట్‌పీ అనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మనం వాడే పీఎక్స్‌ఈకి ఇంటెల్ వారు 1999లో 2.1 ప్రమాణం వెలువరించారు.

స్విచ్ వేయగానే కంప్యూటరు తన 48 బిట్ల నంబరు చెప్పి, "నాకెవరైనా చిరునామా ఇవ్వండి" అని నెట్‌వర్కంతా వినబడేలా కేకేస్తుంది. ఎవరున్నారో దానికి తెలియదు గదా! డీహెచ్‌సీపీ సర్వరు చిరునామాతోపాటు, ఏ ఫైలు ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతుంది. ఆ ఫైలును టీఎఫ్‌టీపీ ద్వారా తెచ్చుకుంటుంది. ఇది మరీ సాదాసీదా పద్ధతి: మామూలుగా 512 బైట్లు పంపటం, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగటం, మళ్లీ పంపటం. చిప్పులో ఇమడాలంటే ఇంత సులువుగానే ఉండాలి. అయితే ముక్కల లెక్క 65,535 దగ్గర ఆగిపోతుంది కనుక ఇలా పంపగలిగేది సుమారు 32 మెగాబైట్లే. అంచేత మొదటి చిన్న ఫైళ్లను దీంతో తెచ్చి, తర్వాతి పెద్ద భారాన్ని హెచ్‌టీటీపీకి అప్పగించటం మంచిది.

సర్వరు పక్క పని కూడా కొద్దిదే. లినక్స్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే ఒక్క ప్రోగ్రామే చిరునామాలూ ఇస్తుంది, ఫైళ్లూ పంపుతుంది. డెబియన్ వారి నెట్‌బూట్ ఫైళ్లను దాని ఫోల్డరులో విప్పి పెట్టాలి. భాష, డిస్కు విభజన, పాస్‌వర్డు వంటి ప్రశ్నలకు జవాబులు ముందే ఒక ఫైలులో రాసిపెడితే ఎవరూ కీబోర్డు ముట్టనక్కర్లేదు. పాత బయోస్ యంత్రాలకూ కొత్త యూఈఎఫ్ఐ యంత్రాలకూ మొదటి ఫైలు వేరు వేరు. ఒకదానికిచ్చింది రెండోదానికి పనికిరాదు.

స్విచ్‌ను మాత్రం చూసి ఎంచుకోవాలి. ఒక్కోదానికి 3 గిగాబైట్లయితే 30 యంత్రాలకు 90. సర్వరు తీగ 1 గిగాబిట్‌దైతే, లెక్క ప్రకారం 12 నిమిషాలు. మధ్యలో 100 మెగాబిట్ల పాత స్విచ్ పెడితే 2 గంటలు. తూము చిన్నదైతే కాలువ చివరి పొలాలవాళ్లు రాత్రంతా మేలుకోవాల్సిందే!

అసలు జాగ్రత్త వేరే ఉంది. కేక విన్నవారు ఎవరు జవాబిచ్చినా యంత్రం నమ్మేస్తుంది. కాలేజీ నెట్‌వర్కులో ఇదివరకే ఒక డీహెచ్‌సీపీ సర్వరు ఉంటుంది. మనం రెండోది పెడితే సంబంధం లేని గదుల్లో కూడా ఇంటర్నెట్టు ఆగిపోవచ్చు. వేరే స్విచ్ మీద పెట్టుకోవాలి. కుదరకపోతే డీఎన్ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ పద్ధతిలో నడిపి, చిరునామాల పని పాతదానికే వదిలేయాలి.

ఇంతకన్నా భయపడవలసింది మెనూకి. ఏ మీటా నొక్కకపోతే దానంతటదే ఇన్‌స్టలేషన్ మొదలయ్యేలా పెట్టారనుకోండి, నెట్‌వర్కు నుంచి ముందు లేచేలా ఉన్న ప్రతి యంత్రమూ రేపు పొద్దున స్విచ్ వేయగానే తన డిస్కును తానే తుడిచేసుకుంటుంది. అందులో ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టు ఉందో లేదో దానికేం తెలుసు? దీనికి పీఎక్స్‌లినక్స్‌లో చక్కని ఏర్పాటుంది. కంప్యూటరు నంబరు పేరుతో ఫైలుందేమో ముందు చూసి, లేకపోతేనే డిఫాల్ట్ అనే ఫైలు తెరుస్తుంది. ఆ డిఫాల్ట్‌లో సొంత డిస్కు నుంచే లేవమని రాయాలి. ఈ రోజు ఇన్‌స్టాల్ చేయదలచిన యంత్రాల నంబర్లకు మాత్రమే విడిగా ఫైళ్లు పెట్టి, పని పూర్తికాగానే ఒక్కొక్కటే తీసేయాలి.