ఇంట నిర్మించిన వాల్వు యాంప్లిఫైయరు: దాని లోపములను కనుగొను క్రమము

హ్రస్వతరంగములను గ్రహించు రేడియోలో 7000, 7200 కిలోహెర్ట్‌జుల నడుమ ముల్లును మెల్లగా త్రిప్పినచో, ఒక్కొకప్పుడు బాతుకూతవంటి అస్పష్టధ్వని వినబడును. రేడియో చెడిపోయినదని చాలమంది భావింతురు. అది రేడియో లోపము కాదు. ఔత్సాహిక రేడియోవారు, అనగా హామ్‌లు, తమలో తాము మాటలాడుకొనుచున్న ధ్వని అది. వారు వాహకతరంగమును తొలగించి, దానికి ఇరుప్రక్కల నుండు పట్టీలలో ఒకదానిని మాత్రమే పంపుదురు. తొలగించిన వాహకతరంగమును తిరిగి చేర్చు సాధనము సామాన్యమైన ఇంటి రేడియోలో ఉండదు గనుక మాట తెలియరాదు.

ప్రభుత్వ పరీక్షలో కృతార్థులై లైసెన్సు పొందినవారే ఇట్లు ప్రసారము చేయవచ్చును. వీరిలో కొందరు తమ యంత్రములను తామే నిర్మించుకొందురు. చిన్న ప్రసారయంత్రము నుండి వెలువడు నాలుగైదు వాట్ల శక్తిని పదుల వాట్లకు పెంచు సాధనమే యాంప్లిఫైయరు. ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులను చాలవరకు తొలగించినను, వాల్వు యాంప్లిఫైయరును స్వయముగా నిర్మించు అభిరుచి నేటికిని నిలిచియున్నది. దానిలో ప్రతిభాగము కంటికి కనబడును. క్షణకాలపు పొరపాటును వాల్వు సహించును. అయితే వాల్వు సహించినంతగా మన దేహము సహింపదు. ఈ పనిలో మొదటినుండి తుదివరకు మరువరాని విషయము ఇదియే.

వాల్వు పని చేయు విధము చెరువు తూమును పోలినది. వేడెక్కిన కేథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడి ప్లేటువైపు ప్రవహించును. 1904లో ఫ్లెమింగు కనుగొన్న వాల్వులో ఈ రెండు భాగములే ఉండెను. 1906లో లీ డి ఫారెస్టు వాని నడుమ మూడవదానిని చేర్చెను. అదియే గ్రిడ్డు. తూము తలుపును కొద్దిగా కదల్చినచో గొప్ప నీటిప్రవాహము హెచ్చుతగ్గులగునట్లు, గ్రిడ్డుపై స్వల్పమైన వోల్టేజి మార్పు ప్లేటు ప్రవాహమును మిక్కిలిగా మార్చును.

ఉదాహరణకు 807 అను వాల్వును తీసికొందము. ఇది 1936లో అమెరికాలో వెలువడినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యపు మిగులు సామానులో విరివిగా లభించుటచే హామ్‌లకు ప్రీతిపాత్రమైనది. దీని హీటరుకు 6.3 వోల్టులు, 0.9 ఆంపియరు కావలెను. ప్లేటునకు 600 వోల్టులు, స్క్రీను గ్రిడ్డునకు 300 వోల్టులు, నియంత్రణ గ్రిడ్డునకు సుమారు ఋణ 30 వోల్టులు ఇచ్చి, రెండు వాల్వులను కలిపి నడిపినచో, సుమారు 80 వాట్ల శక్తిని రాబట్టవచ్చును.

ఈ 600 వోల్టులే ప్రాణాంతకము. ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చు విద్యుత్తును రెక్టిఫైయరు ఏకముఖముగా మార్చగా, కండెన్సరు దానిని నిలువచేయును. స్విచ్చి కట్టివేసినను ఆ నిలువ పోదు. అందుచే కండెన్సరుకు అడ్డముగా ఒక రెసిస్టెన్సును శాశ్వతముగా కలుపవలెను. కండెన్సరు 20 మైక్రోఫారడులు, రెసిస్టెన్సు 50,000 ఓములు అయినచో, స్విచ్చి కట్టిన 5 సెకండ్లలో 600 వోల్టులు సుమారు 4 వోల్టులకు దిగును. ఆ రెసిస్టెన్సులో 7 వాట్లకు పైగా వేడి పుట్టును గనుక 20 వాట్లది వాడుట మేలు. అయినను దానినే నమ్ముకొనరాదు. అది లోపల తెగిపోయినచో పైకి ఏ గుర్తును కనబడదు. కావున ప్లగ్గు ఊడదీసిన తరువాత, పొడుగాటి ఎండుకర్ర కొనకు లోహపుకడ్డీని అమర్చి, దానిని తీగతో ఛాసీకి కలిపి, ఆ కడ్డీతో కండెన్సరును తాకించి, పిమ్మటనే చేయి పెట్టవలెను.

ఏరియలు విషయమున మరియొక జాగ్రత్త అవసరము. ప్లేటునకును ఏరియలుకును నడుమ ఒక కండెన్సరు మాత్రమే అడ్డుగోడగా నుండును. అది లోపల కలిసిపోయినచో 600 వోల్టులును పెరటిలోని తీగకు ప్రాకును. ఆ తీగ క్రింద బట్టలారవేయువారుండవచ్చును, పిల్లలుండవచ్చును. అవుట్‌పుట్ వద్ద ఏరియలు కొననుండి ఛాసీకి ఒక రేడియో ఫ్రీక్వెన్సీ చోకును కలిపినచో, అట్టి సమయమున ఫ్యూజు తెగి ఆపద తప్పును. ఇట్టి చోకును మానుకొనుట పొదుపు కాదు.

ఇక లోపపరీక్ష. యాంప్లిఫైయరు తన జబ్బును తానే చెప్పును. కాని ప్రశ్నలను క్రమముగా అడుగవలెను.

మొదట వాల్వులను తీసివేసి విద్యుత్సరఫరా భాగమును మాత్రమే పరీక్షింపవలెను. ఇంటి విద్యుత్తుకు వరుసలో 100 వాట్ల పాతకాలపు తంతిబల్బును కలిపి స్విచ్చి వేయవలెను. బల్బు ఒక్కసారి మెరసి మందగించినచో మంచిదే. నిండుగా వెలుగుచునే యున్నచో లోపల ఎచ్చటనో తీగలు కలిసిపోయినవి, లేదా రెక్టిఫైయరో కండెన్సరో పాడైనది. ఈ ఉపాయమువలన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోదు.

పిమ్మట వాల్వులను పెట్టి, ఏరియలుకు బదులు 50 ఓముల చుట్టలేని రెసిస్టెన్సును కలిపి, సంకేతమేమియు ఇయ్యక వోల్టేజిలను కొలువవలెను. మీటరు 1000 వోల్టులకు తగినదై యుండవలెను. కొలుచునపుడు ఒక చేతిని వీపువెనుక ఉంచుకొనవలెను. మొదట హీటరు, తరువాత గ్రిడ్డు, ఆ పిదప ప్లేటు, స్క్రీను. ప్లేటునకు వోల్టేజి లేకుండ స్క్రీనునకు మాత్రము ఉండరాదు. ప్లేటుకు పోవలసిన ప్రవాహము స్క్రీనుపై బడి, ఆ సన్నని తీగ కాలిపోవును.

సంకేతము లేనపుడు రెండు వాల్వులకు కలిపి సుమారు 60 మిల్లీ ఆంపియర్లు ఉండవచ్చును. 600 వోల్టులతో గుణించిన 36 వాట్లు, అనగా వాల్వు ఒక్కంటికి 18 వాట్లు. 807 ప్లేటు ఎడతెగక భరింపగలది 25 వాట్లు. కావున అది ఎఱ్ఱబడరాదు. సంకేతము లేకయే ఎఱ్ఱబడినచో ముందుగా ఋణ వోల్టేజి గ్రిడ్డువరకు చేరుచున్నదో లేదో చూడవలెను. సంకేతమిచ్చినపుడు మాత్రమే ఎఱ్ఱబడినచో ట్యూనింగు కుదురలేదని అర్థము.

గ్రిడ్డు వోల్టేజి సరిగానే యున్నది, సంకేతము లేదు. అయినను ట్యూనింగు కండెన్సరును త్రిప్పినపుడు ప్లేటు ప్రవాహము ఎగిరిపడుచున్నదనుకొందము. అప్పుడు యాంప్లిఫైయరు తనంతట తానే కంపించుచున్నది. 807కు ఈ గుణము కొంత కలదు. ప్లేటు తీగలో, వాల్వు తలకు దగ్గరగా, 47 ఓముల కార్బను రెసిస్టెన్సుపై ఐదారు చుట్లు తీగ చుట్టి చేర్చవలెను. స్క్రీను కండెన్సరును సాకెట్టు వద్దనే పొట్టితీగలతో కలుపవలెను. గ్రిడ్డు భాగములను ఛాసీ క్రిందను, ప్లేటు భాగములను పైనను ఉంచి, ఒకదాని నీడ మరియొకదానిపై పడనీయరాదు.

వాల్వు వెలుగును చూచి కూడ కొంత తెలిసికొనవచ్చును. గాజు లోపలి గోడపై లేత నీలికాంతి కనబడినచో భయములేదు. ప్లేటు కేథోడుల నడుమ ఊదాకాంతి నిండినచో లోపల వాయువు చేరినది, అట్టిదానిని తీసివేయవలెను. గాజులోని వెండివంటి పూత తెల్లబడినచో గాలి చొచ్చినట్లే. 807లు నేడు ఎక్కువగా పాతనిల్వల నుండియే లభించును గనుక కొనునపుడే ఈ పూతను చూచుకొనుట మంచిది.

అన్నియు సరిపడిన తరువాత ఇరుగుపొరుగువారిని విచారింపవలెను. వారి రేడియోలో గరగర వినబడినచో సంకేతమును మితిమించి యిచ్చుట మొదటి కారణము కావచ్చును. దానిని తగ్గించి, యంత్రమును లోహపుపెట్టెలో మూసి, అవుట్‌పుట్ ఫిల్టరును చక్కబరుపవలెను. నాలుగు వాట్లు తగ్గించినందున దూరపు మిత్రునికి వినబడుటలో భేదము తెలియదు. ప్రక్కయింటివారికి వార్తలు స్పష్టముగా వినబడును.

ఏ లోపమునకైనను క్రమము ఒక్కటే: సరఫరా, గ్రిడ్డు, ప్లేటు, ఏరియలు. ఒక్కొక్క మెట్టు నిశ్చయమైన తరువాతనే మరియొక మెట్టు ఎక్కవలెను. ప్రతి మెట్టుకును ముందు ప్లగ్గు ఊడదీయుట, కడ్డీతో తాకించుట మరువరాదు. తొందరపడి ఒకేసారి నాలుగు భాగములను మార్చినవానికి, యంత్రము బాగుపడినను జబ్బేమో తెలియదు. అదే జబ్బు మరల వచ్చినపుడు మొదటినుండి వెదకవలసినదే.