శ్రీమతి నెల్లీ టెయిలో రాస్

భర్తను గోల్పోయిన మూడు నెలలకే, శోకవస్త్రములతో, ఒక రాష్ట్రపాలనాభారమును వహించిన స్త్రీ చరిత్రము మన సోదరీమణు లెల్లరు నెఱుంగదగినది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో గవర్నరు పదవి నధిష్ఠించిన ప్రథమమహిళ యీమెయే. మన దేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును. అమెరికాలో నట్లుగాక, ప్రజలే వోట్లు వేసి గవర్నరు నెన్నుకొందురు. రాష్ట్రపరిపాలన మాతని చేతిలో నుండును.

నెల్లీ 1876 సంవత్సరము నవంబరు 29వ తేదీన మిస్సోరీ రాష్ట్రమున జన్మించెను. శిశువిద్యాబోధనమున శిక్షణ పొంది, నెబ్రాస్కాలోని ఒమాహా పట్టణమున కొంతకాలము ఉపాధ్యాయినిగా నుండెను. 1902లో విలియం రాస్ అను న్యాయవాదిని వివాహమాడి, వయోమింగు రాష్ట్రపు ముఖ్యపట్టణమగు షయెన్‌లో కాపురము చేసెను. వారికి నలుగురు కుమారులు కలిగిరి. అందొకడు శైశవముననే గతించెను. ఇరువది యేండ్లు గృహమే యామెకు లోకము. 1922లో భర్త గవర్నరుగా నెన్నుకోబడెను.

1924 అక్టోబరు 2వ తేదీన, కడుపులో శస్త్రచికిత్స జరిగిన పిదప, ఆయన మరణించెను. మిగిలిన కాలమునకు గవర్నరు నెన్నుకొనవలసి వచ్చెను. భర్తకు చెందిన డెమోక్రటిక్ పక్షమువా రామెను నిలువుమని కోరిరి. ఆమె యంగీకరించెను గాని, దుఃఖదినములలో సభలకు పోనొల్లక, రెండు బహిరంగలేఖలను మాత్రము ప్రకటించి యూరకుండెను. నవంబరు 4వ తేదీన ప్రజలామెను గెలిపించిరి. 1925 జనవరి 5వ తేదీన ఆమె పదవీస్వీకారము చేసెను. టెక్సాసులో నదేదినమున నెన్నికైన శ్రీమతి మిరియం ఫెర్గూసన్ పదునైదు దినముల పిమ్మట పదవి స్వీకరించెను. స్త్రీలకు 1869లోనే వోటుహక్కు నొసగిన వయోమింగునకే యీ గౌరవమును దక్కుట సముచితము.

విధవయని జాలిపడి వోట్లు వేసిరని పలువు రనుకొనిరి. అందు సత్యము లేకపోలేదు. ఆమె పన్నులు తగ్గింపుమనియు, బ్యాంకులలో సొమ్ము దాచుకొన్నవారికి రక్షణ కల్పింపుమనియు, బాలురచే కూలిపని చేయించుటను అరికట్టుమనియు శాసనసభను కోరెను. సభలో నెదిరిపక్షమువారే యధికులగుటచే ననేక కోరికలు నెరవేరలేదు. 1926లో మరల నిలిచి స్వల్పమైన తేడాతో నోడిపోయెను.

ఇంతటితో నామె గృహమున కూర్చుండలేదు. 1933లో అధ్యక్షుడు రూజ్వెల్టు ఆమెను దేశపు టంకశాలలకు డైరెక్టరుగా నియమించెను. ఆ పదవియందును ఆమెయే ప్రథమమహిళ. ఐదేండ్ల గడువుగల ఆ యుద్యోగమున 1953 వరకు, ఇరువది సంవత్సరములు పనిచేసెను. బంగారు నిల్వలకై ఫోర్టు నాక్సులో భాండాగారము వెలసినది ఆమె కాలముననే. రాగి యుద్ధమునకు కావలసివచ్చుటచే 1943లో సెంటు నాణెములను ఉక్కుతో ముద్రించిరి.

1977 డిసెంబరు 19వ తేదీన, నూటయొక్క యేండ్ల వయస్సున, ఆమె కన్నుమూసెను.

జాలి యామెకు తలుపు తెఱచి యుండవచ్చును. కాని ఇరువదియేండ్లు దేశపు ధనమును కాపాడిన నేర్పు జాలివలన వచ్చినది కాదు. ఆపత్కాలమున పరులు చూపు దయను స్వీకరించుటలో లోపము లేదు. ఆ దయకు తాను తగుదునని పనిచేసి నిరూపించుటయే గొప్ప.