సోదరికి ఇచ్చిన పశువు – ఇంటి ఆరోగ్యం

మిరప కోతలు అయిపోయి కూలి దొరకని నెలల్లో, భర్తను పోగొట్టుకున్న సోదరికి సంఘం ఇచ్చిన గేదె లేక మేకే ఆధారం. 1944లో అమెరికాలో బ్రదరెన్ సంఘస్థుడు డాన్ వెస్ట్ ప్రారంభించిన హైఫర్ సంస్థలో ఒక నియమం ఉంది: పశువుకు పుట్టిన మొదటి ఆడదూడను మరొక పేద ఇంటికి ఇవ్వాలి. అంటే ఒక్క పశువు ఆరోగ్యం మీద రెండిళ్లు ఆధారపడతాయి. అందుకే ఈ జాగ్రత్తలు పాటించండి.

మందు కొట్టిన పత్తి, మిరప చేల గట్ల మీది గడ్డి వేయకండి. మేకలకు పారుడు వ్యాధి టీకా వేయించండి. పశువు ఈచుకుపోతే పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టకండి. బ్రూసెల్లోసిస్ జ్వరం మనుషులకూ సోకుతుంది. పాలు బాగా కాచి తాగండి. జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు తగ్గకపోతే ఆసుపత్రికి వచ్చి, ఇంట్లో పశువు ఉందని డాక్టరుగారికి తప్పక చెప్పండి.