మీకు తెలుసా? మాటల్లేని బుజ్జి భీముడు
ఖరగ్‌పూర్‌లోని ట్రాఫిక్ అనే పేటలో పెరిగే తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ, హిందీ. ఏ భాషా అడ్డురాని కార్టూన్ ఒకటి వాళ్లకుంది. అది హైదరాబాద్‌లోనే పుట్టింది.

రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్, మహాభారత భీముణ్ణి ధోలక్‌పూర్ కుర్రాడిగా మార్చింది. 2008లో పోగో చానల్‌లో వచ్చిన ‘ఛోటా భీమ్’ అదే. లడ్డూ తింటే చాలు, వాడికి ఎక్కడలేని బలం! అది చూసిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక, 2019లో అదే సంస్థ భీముణ్ణి మరింత చిన్నవాణ్ణి చేసి, నెట్‌ఫ్లిక్స్ కోసం ‘మైటీ లిటిల్ భీమ్’ తీసింది. ఇందులో వాడు ఇంకా మాటలు రాని పసివాడు. సంభాషణలు లేవు, కేరింతలూ సంగీతమూ తప్ప. కథంతా కదలికల్లోనే చెప్పడం ఎంత కష్టమో! అందుకే నాకు మొదటి భీముడి కంటే ఈ బుజ్జిగాడే గొప్ప.

లడ్డూ అంటే పాలకూర తిని కండలు పెంచే పొపాయ్ గుర్తొస్తాడు కదూ? 1929 నాటి ఆ కామిక్ నావికుడితో వీడియో గేమ్ చేయాలని జపాన్ కంపెనీ నింటెండో అనుకుంది. హక్కులు దొరకలేదు. దాంతో షిగెరు మియామోటో కొత్త పాత్రలు అల్లాడు: పొపాయ్ శత్రువు బ్లూటో స్థానంలో గొరిల్లా, పొపాయ్ స్థానంలో వడ్రంగి. అలా 1981లో ‘డాంకీ కాంగ్’ వచ్చింది. ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. మరుసటి ఏడాదే నింటెండో పొపాయ్ గేమ్ కూడా తెచ్చింది, ఈసారి హక్కులతో.